ఆదివారం ఆలస్యమయ్యే మీటరు

తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగిన వరదకు పదిహేనేండ్లు నిండిన సంవత్సరం అది. వానలు తక్కువేం కాలేదు. కార్తీకం వచ్చినా కాలువలో నీళ్లు పారుతానే ఉండినాయి.

సోమవారం పొద్దున ఆరు గంటలకు ఏసన్న గేజి కాడికి వచ్చినాడు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డుకు ఎడమ పక్క, ఉపకాలువ గట్టు మీద, కంపచెట్ల నడుమ ఉంటుంది ఆ గేజి. గేజి అంటే ఏమీ లేదు. కాలువ గోడకు నిలువునా పాతిన రాయి. దాని మీద అడుగుల అంకెలు చెక్కి ఉంటాయి. నడుమ సన్న గీతలు ఒకప్పుడు ఉండినాయి, నీళ్లకు అరిగిపోయినాయి. ఇప్పుడు పావు, అర, ముప్పావు అనేది కంటితో చూసి చెప్పాల్సిందే.

చెప్పులు గట్టు మీద విడిచి, పంచె ఎగగట్టి మెట్లు దిగినాడు. టెంకాయ పీచుతో రాయికి పట్టిన పాచి రుద్దినాడు. ఎడమ చేయి నీళ్లలో అడ్డం పెట్టినాడు. చేయి అట్ల పెడితే అలలు రాయిని తాకవు. పది లెక్కపెట్టేంత సేపు అట్లనే కూచున్నాడు. నీళ్లు ఒకసారి ఎక్కినాయి, ఒకసారి దిగినాయి. నడిమిది పట్టుకున్నాడు. మూడున్నర.

అతని తల మీద, ఇనుప కంబానికి, తెల్ల డబ్బా ఒకటి ఉంది. దాని మీద ఎండకు పనిచేసే పలక. అది మీటరు. జూన్‌లో హైదరాబాద్ కంపెనీ వాళ్లు బిగించి పోయినారు. ఆ రోజే నీటి సంఘం వాళ్లు లస్కర్ల, అంటే కాలువ కావలి వాళ్ల, హాజరు మస్టరులో ఏసన్న పేరు కొట్టేసినారు. పలక మీద కాకులు రెట్ట వేసినాయి. డబ్బా కింద తెగిన తీగ గాలికి ఊగుతాంది.

ఆరుంబావుకు జేబులో ఫోను మోగింది.

"గుడ్ మార్నింగ్ అంకుల్. ఎంత?"

"మూడున్నర."

"త్రీ పాయింట్ ఫైవ్. థ్యాంక్స్ అంకుల్."

"సంతోషమ్మా, నా సంగతి పెద్దసారుకు చెప్పినావా?"

"చెప్పాను అంకుల్. చూద్దామన్నారు."

ఫోను పెట్టేసింది. హైదరాబాద్‌లో కంపెనీ ఆఫీసులో యాడనో కూచోని ఉంటుంది ఆ సంతోషి. ఏసన్న ఆమె మొగం చూసినోడు కాదు. ఆగస్టులో కంపెనీ మనిషి ఉమేష్ వచ్చి, "ఏసన్నా, మీటరు రిపేరికి వచ్చింది, నాలుగు రోజులు పొద్దున్నే ఎంతుందో చెప్తావా, ఫోన్ చేపిస్తా" అన్నాడు. ఆ నాలుగు రోజులు నాలుగు నెలలయినాయి. మీటరు పనిచేయడం లేదని తెలిసినాక తన పేరు మళ్లా మస్టరులో రాయక ఏం చేస్తారని ఏసన్న అనుకున్నాడు. అందుకే ఒక్క పూట తప్పలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా దుప్పటి కప్పుకోని వచ్చి చూసి పోయినాడు.

గట్టు మీద సైకిల్ గంట వినపడింది. జయన్న. కింది గేజికి లస్కరు. నలభై ఏండ్లుంటాయి, నోరు ఊరుకోదు.

"ఏం మామా, పేరు కొట్టేసినా నీళ్లను ఇడిసిపెట్టవా? ఇంట్లో అత్త నీళ్లు పోయలేదా ఏమి?"

ఏసన్న నవ్వలేదు. పీచు పిండి గోడ మీద ఆరబెట్టినాడు.

జయన్న సైకిల్ దిగి మీటరు వైపు చూసినాడు. "దీనెమ్మ, ఇది ఒక్క రోజు నాగా పెట్టలేదంట. తాగదు, పెండ్లికి పోదు, పెండ్లాం పురిటికి పోదు. గురువారం సంఘంలో మీటింగు. దీన్ని చూపించే మా ఎనిమిది మందికీ ఏస్తారంట మీటర్లు."

"ఎవరు చెప్పినారు?"

"సంఘం ప్రెసిడెంటు చంద్రశేఖరన్నే చెప్పినాడు. ఏసన్న గేజి కాడ జూన్ నుంచి చూసినాము, లెక్క బంగారమట్ల వస్తాంది అన్నాడు." జయన్న ఉమ్మేసి సైకిల్ ఎక్కినాడు. "ఇద్దరు పిల్లోల్లు సదువుకుంటాండారు మామా. నేను యాడికి పోవాల, బళ్లారికి పోయి మట్టి మోయల్నా?"

ఏసన్న చెప్పులు వేసుకున్నాడు. బంగారమట్ల లెక్క యాడనుంచి వస్తాందో ఆ పొద్దు అతనికి తట్టనే లేదు. మీటరు మళ్లా బాగయిందేమో, తనకు ఎవరూ చెప్పలేదేమో అనుకున్నాడు. తెగిన తీగ వైపు ఒకసారి చూసినాడు. ఇంటికి పోయినాడు.

*

మంగళవారం అతను నీళ్లలో చేయి పెట్టి ఉండంగా గట్టు మీద స్కూటీ ఆగింది. తలకు దుపట్టా చుట్టుకున్న అమ్మాయి దిగి, మీటరు కంబం చుట్టూ ఒకసారి తిరిగి, తెగిన తీగ పట్టుకోని చూసింది. ఏసన్న పట్టించుకోలేదు. ఫోను మోగింది. "మూడుంబావు" అని చెప్పి పెట్టేసినాడు.

నిమిషం కూడా కాలేదు. ఆ అమ్మాయి చేతిలో ఫోను టింగుమనింది. ఆమె ఫోను చూసింది. ఏసన్నను చూసింది. గట్టు మీద చతికిలబడింది.

"తాతా, ఇంకోసారి చెప్పు. ఇప్పుడు ఫోన్లో ఎంత అన్నావు?"

"మూడుంబావు. ఎవరమ్మా నువ్వు?"

"సబా. కాలువ కొసన దౌలత్‌బీ ఉంది కదా, రెండెకరాల మిరప? ఆమె మనవరాలిని. ఆదోనిలో కంప్యూటర్ పని చేస్తా." ఆమె తన ఫోను అతని వైపు తిప్పింది. అందులో మూడు, చుక్క, రెండు, ఐదు. "ఇది నువ్వే తాతా. ఇప్పుడే నువ్వు చెప్పింది."

ఏసన్న మెట్లెక్కి వచ్చినాడు. చేతులు తుడుచుకున్నాడు. అంకెలు చదవగలడు. చదివినాడు. ఏమీ అర్థం కాలేదు.

"నానీ, అదే మా అవ్వ, దినాం నాకు ఫోన్ చేసేది" అని చెప్పింది సబా. "నీళ్లు కొస దాకా ఎక్కుతాయా, కూలోళ్లను పిలవాల్నా వద్దా అని. ఈ గేజి కాడ మూడడుగులు దాటితేనే అక్కడి తూముకు ఎక్కుతాయి కదా. అందుకని ఒక యాప్ చేసినా. కొసన ఉండే నూటిరవై ఇండ్లోళ్ల ఫోన్లలో ఉంది ఇప్పుడు."

"ఒక్కదానివే చేసినావా?"

"ఒక్కదాన్నే. మూడు వారాల్లో."

ఏసన్న తల ఊపినాడు. నమ్మినట్లా, నమ్మనట్లా తెలియలేదు.

"అంతా నాది కాదులే తాతా. కాలువ మ్యాపు ఒక కంపెనీది. నానీకి చదువు రాదు, ఫోనే పలికి చెప్తుంది, ఆ గొంతు ఇంకొకరిది. వాన కబురు వేరే వాళ్లది. నీళ్ల లెక్క ఈ మీటరు కంపెనీది. ఒక్కొక్కరూ ఒక కిటికీ పెట్టింటారు. దాన్ని ఏపీఐ అంటాము. ఎట్ల అడగాలో, అడిగితే ఏ రకంగా జవాబు వస్తుందో ముందే రాసి పెట్టింటారు. తాళంచెవి మాదిరి ఒక నంబరు ఇస్తారు. నా ప్రోగ్రాము పోయి ఆ నంబరు చూపించి అడుగుతుంది, జవాబు తెచ్చుకుంటుంది. లోపల ఏ మిషన్లుండాయో నాకు అక్కర లేదు."

"అక్కర లేదా?"

"ఎమ్మిగనూరులో నేసేవాళ్లను చూసినావు కదా. నలభై నంబరు నూలు కావాలంటే నలభై నంబరే వస్తుంది. మిల్లులో ఎవరు వడికినారో అడిగి తెలుసుకోని నేస్తాడా ఎవడైనా? నూలు కూడా తనే వడుక్కోవాలంటే సంవత్సరానికి ఒక పంచె కూడా దిగదు. ఇది కూడా అంతే. ఈ కిటికీలే లేకుంటే నా మాదిరి మనిషి చిన్న గదిలో కూచోని ఏమీ చేయలేదు. మ్యాపు నేనే గీయాల, మీటరు నేనే పాతాల." చెప్తా చెప్తా సబా గొంతు హుషారయింది. మళ్లా తగ్గింది. "నేను రోజూ దాన్ని మెచ్చుకుంటాండినా తాతా. ఇంత చక్కగా పనిచేసే కిటికీ ఇంకోటి లేదని."

"మరి ఈడికి ఏమిటికి వచ్చినావు?"

"పాత లెక్కలన్నీ ముందేసుకోని చూసినా. జూన్, జూలైలో మూడు పాయింట్ రెండు ఏడు, మూడు పాయింట్ నాలుగు ఒకటి, అట్ల ఉండాయి. మీటరు అట్లనే చెప్తుంది. ఆగస్టు నుంచి అన్నీ పావు, అర, ముప్పావే. మీటరుకు పావులు, ముప్పావులు ఏం తెలుసు? రోజూ ఆరుంబావుకు వస్తుంది. ఆదివారం మాత్రం పదిన్నరకు." సబా అతని మెడలో సన్న దారానికి ఉండే శిలువ చూసింది. "మీటరు చర్చికి పోతాందేమో చూద్దామని వచ్చినా."

ఏసన్న శిలువను చొక్కా లోపలికి తోసుకున్నాడు. ఆదివారం ఆరాధన అయినాకనే వచ్చి చూస్తాడు. సంతోషికి ముందే చెప్పినాడు, ఆ అమ్మాయి సరేననింది.

అతను గోడ మీద కూచున్నాడు. ఒక ఎద్దులబండి పోయింది. ఆ బండి కనుమరుగయ్యే దాకా చూసినాడు.

"అమ్మా, దీన్ని చూపించే జయన్నోళ్లను తీసేస్తాండారు."

"దేన్ని చూపించి?"

"ఒక్క రోజు నాగా పెట్టలేదని."

సబా నోటి మీద చేయి పెట్టుకుంది. "గురువారం మీటింగుకు నేనూ వస్తా తాతా" అని చెప్పి పోయింది.

ఇంట్లో సంగటి తింటా పెండ్లాం ఉరుకుందమ్మకు చెప్పినాడు. ఆమె చాటలో వేరుశనక్కాయలు చెరుగుతాంది. చేయి ఆపకుండా వినింది.

"అయితే నాలుగు నెలలు నేను మీటరుకు సంగటి పెట్టినానా?" అనింది. కాసేపుండి, "పోనీలే, మీటరు కన్నా తక్కువ మాట్లాడే మొగుడు" అనింది. ఏసన్న నవ్వుతాడేమో అని చూసింది. అతను పళ్లెంలో చేయి కడుక్కోని లేచినాడు.

బుధవారం పొద్దున ఫోనులో మూడుంబావు చెప్పినాడు. సంతోషి థ్యాంక్స్ చెప్పింది. తన సంగతి ఆ పొద్దు అడగలేదు.

*

నీటి సంఘం గది ఎమ్మిగనూరులో, ఎరువుల అంగడి మేడ మీద. గురువారం పదకొండుకు ఎనిమిది మంది లస్కర్లు గోడకు ఆనుకోని నిలబడినారు. కుర్చీలు ఉండినాయి గానీ ఎవరూ కూచోలేదు. ఏసన్న తలుపు కాడ నిలబడినాడు. జయన్న అతన్ని చూసి పక్కకు జరిగి చోటిచ్చినాడు. "రా మామా, నీ మీటరు పెండ్లిచూపులు" అని చెవిలో గొణిగినాడు.

ఉమేష్ గోడ మీద బొమ్మ వేసి చూపించినాడు. జూన్ నుంచి ఇప్పటిదాకా నీలం గీత. యాడా తెగలేదు. అధ్యక్షుడు చంద్రశేఖర్ బల్ల వెనక కూచోని, కండ్లద్దాలు పైకి తోసి చూసినాడు.

"ఒక్క రోజన్నా తప్పలేదా?"

"లేదన్నా. కావాలంటే మీ ఫోన్లోనే చూడండి. ఏపీఐ ఇచ్చినాము, ఎవరైనా తీసుకోవచ్చు. ఈ ఆదోని అమ్మాయి కూడా దాని మీదనే యాప్ చేసింది."

సబా లేచి నిలబడింది. "అన్నా, ఆ మీటరు ఆగస్టులోనే చెడిపోయింది. తీగ తెగి ఉంది, నేను చూసినా. ఆ లెక్కలన్నీ ఏసన్న తాత నీళ్లలో దిగి చూసి చెప్పినవి. రోజూ కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. ఆయన చెప్తాడు, వాళ్లు టైపు చేస్తారు."

కింద అంగట్లో ఎవరో మూట దించినారు, ఆ అదురు పై దాకా వచ్చింది. జయన్న తల తిప్పి ఏసన్నను చూసినాడు. ఏసన్న నేల చూసినాడు.

ఉమేష్ తడబడలేదు. "అవునన్నా. మెషీన్ రిపేరులో ఉన్నప్పుడు మనిషితో నడిపిస్తాము. యాడైనా అంతే. ఒప్పందంలో ఏముంది? దినానికి ఒకసారి గేజి లెక్క ఏపీఐలోకి రావాల. వచ్చిందా లేదా?"

"వచ్చింది" అన్నాడు చంద్రశేఖర్.

"యాడనుంచి రావాలో అందులో రాసి లేదన్నా. మెషీన్ మార్చుకుంటాము, మనిషిని పెట్టుకుంటాము, అది మా లోపలి సంగతి. రేపు ఇంకో రకం మీటరు పెట్టినా ఈ అమ్మాయి యాప్‌లో ఒక్క అక్షరం మార్చే పని లేదు. అదే దీని లాభం."

సబా ఏదో అనబోయింది. అనలేదు. మంగళవారం గట్టు మీద తను చెప్పిన మాటే అది.

చంద్రశేఖర్ ఏసన్న వైపు తిరిగినాడు. "ఏసన్నా, ముందుకు రా. నువ్వేనా చెప్పింది?"

"నేనే అన్నా."

"ఎప్పుడన్నా చూడకుండా చెప్పినావా? ఇంట్లో కూచోని, అందాజుగా?"

ఏసన్న ఆలోచించినాడు. తప్పు చెప్పినానని ఒక్క మాట అంటే చాలని, ఆ నీలం గీత తెగిపోతుందని అతనికి తెలుసు. గోడకు ఆనుకున్న ఎనిమిది మందికీ తెలుసు.

"లేదన్నా. దిగి చూసే చెప్పినా."

"ఒక్క రోజు కూడా?"

"ఒక్క రోజు కూడా."

"మరి లెక్క సరిగ్గానే ఉంది కదప్పా" అన్నాడు చంద్రశేఖర్. అతని గొంతులో కోపం లేదు, ఎగతాళి లేదు. చిక్కు విడిపోయినందుకు నెమ్మది మాత్రం ఉంది. "కొసన వాళ్లు కూడా నీళ్లు సరిగ్గా తెలుస్తాండాయనే అంటాండారు. ఇబ్బంది ఏముంది?"

చంద్రశేఖర్ కాగితం మీద సంతకం పెట్టినాడు. ఎనిమిది మీటర్లు. పక్క నెల నుంచి. "ఉమేష్, ఏసన్నను మీరే చూసుకోండి, ఏదో ఒకటి చేయండి" అన్నాడు. "చూస్తామన్నా" అన్నాడు ఉమేష్.

మెట్ల మీద జయన్న ఏసన్న ముందు ఆగినాడు. నోరు ఊరుకోని మనిషి. "నువ్వా మామా?" అన్నాడు. అంతే. దిగి, సైకిల్ తీసుకోని, ఎక్కకుండా నడిపించుకుంటా పోయినాడు.

*

సబా అతన్ని స్కూటీ మీద ఊరి దాకా తెచ్చింది. దారిలో రెండు పక్కలా పత్తి తీస్తాండారు. గట్టు వచ్చినాక బండి ఆపింది.

"తాతా, నేను వాళ్ల కిటికీ తీసేస్తా. పావుగంట పని. రేపటి నుంచి నువ్వు నాకు ఫోన్ చెయ్, నేను వేస్తా."

ఏసన్న నీళ్ల వైపు చూసినాడు. "అప్పుడు నీ కిటికీ వెనక ఉంటా. అంతే కదమ్మా?"

సబా హెల్మెట్టు పట్టీ వేలికి చుట్టుకుంది, విప్పుకుంది. "నీ పేరు పెడతా" అనింది మెల్లగా.

"పేరు ఉండాల్సింది మస్టరులో."

"వాళ్లది తీసేస్తే, నువ్వు కూడా చెప్పకుంటే, నానీకి ఏమీ రాదు" అనింది. అది అతనితో అన్నట్లు లేదు. స్కూటీ తిప్పుకోని పోయింది.

ఉరుకుందమ్మ ఏమైందని అడిగింది. "లెక్క సరిగ్గా ఉందన్నారు" అన్నాడు. తిని పడుకున్నాడు. ఏడుపు రాలేదు, కోపం రాలేదు. కాలు తిమ్మిరి పట్టినప్పుడు గిల్లినా తెలియదు చూడు, మనిషంతా అట్ల ఉండినాడు.

*

శుక్రవారం ఆరు గంటలకు గేజి కాడికి పోయినాడు. చెప్పులు విడిచినాడు. పీచుతో రాయి రుద్దినాడు. చేయి అడ్డం పెట్టి పది లెక్కపెట్టినాడు. నీళ్లు బాగా దిగినాయి. పైన యాడనో తూము తెరిచింటారు. రెండూ ముప్పావు. ఇంకోసారి చూసినాడు. రెండూ ముప్పావే.

ఫోను మోగింది.

"గుడ్ మార్నింగ్ అంకుల్. ఎంత?"

"ఈ పొద్దు నుంచి నేను చెప్పనమ్మా."

"అయ్యో, ఎందుకంకుల్? ఒంట్లో బాగాలేదా?"

"బాగుండా."

అవతల వేళ్లతో బల్ల మీద కొట్టుకుంటున్నట్లు చిన్న చప్పుడు. "సరే అంకుల్" అనింది సంతోషి. మర్యాదగానే అనింది. "ఈ రోజుకి నిన్నటిదే వేసేస్తాను. రెస్ట్ తీసుకోండి."

ఫోను పెట్టేసింది.

నిన్న, మీటింగుకు పోయే ముందు చెప్పింది మూడుంబావు.

ఏసన్న మెట్ల మీదనే నిలబడినాడు. ఈ పాటికి ఆ మూడుంబావు నూటిరవై ఇండ్లలో పలికింటుంది. మెట్లెక్కి చెప్పులు వేసుకున్నాడు. ఇంటి దారి కుడి పక్క. అతను ఎడమకు తిరిగి, గట్టు వెంబడి, నీళ్లు పోయే దిక్కుకు నడిచినాడు.

కాలువ కొస ఆరు కిలోమీటర్లు. జయన్న గేజి దాటినాడు. జయన్న నీళ్లలో దిగి ఉండినాడు, తల ఎత్తలేదు. ఏసన్న ఆగలేదు. పొద్దు బారెడు ఎక్కినాక దౌలత్‌బీ మిరప చేను చేరినాడు. ఆమె తూము కాడ నిలబడి ఉంది. పక్కన ఇద్దరు కూలోళ్లు పారలు పట్టుకోని ఉండినారు. ఒకడు అప్పటికే నీళ్లు చేనికి మళ్లేటట్లు బోదె తెగ్గొట్టి పెట్టినాడు. కాలువ అడుగున బురదలో నీళ్లు మూరెడు వెడల్పు కూడా లేవు.

"ఏం ఏసన్నా, ఇంత దూరం వచ్చినావు?"

"నీళ్లు రావు. రెండూ ముప్పావే ఉంది. ఈడికి ఎక్కవు."

"ఫోన్లో మూడుంబావు అనింది కదప్పా?"

"నేను చూసి వచ్చినా."

దౌలత్‌బీ కాలువలోకి చూసింది. అతని పంచె మోకాలి దాకా తడిసి, నడకకు సగం ఆరి, అంచున మట్టి కట్టి ఉంది. అది కూడా చూసింది. కూలోళ్ల వైపు తిరిగి, "పొండప్పా, ఇంకో చోట పని చూసుకోండి, మీ పొద్దు పాడుకావద్దు" అనింది. బోదె తెగ్గొట్టినోడు మళ్లా మట్టి వేసి పూడ్చినాడు.

ఏసన్న ఆమె బిందెలో నీళ్లు అడిగి తాగినాడు. గట్టు మీద నిలబడి కనుచూపు దూరం చూసినాడు. తూముల కాడ అక్కడొకరు, అక్కడొకరు, పారలు పట్టుకోని నిలబడి ఉండారు.

"ఆ పక్క చేను ఎవరిది?"

"కరీం సాబ్‌ది."

చెప్పులు చేతిలోకి తీసుకోని, గట్టు మీద నుంచి దిగి, కరీం సాబ్ చేని వైపు పోయినాడు.